పూల గ్రానీ స్క్వేర్లతో ఒంటికి వేసుకునేది అల్లాలంటే: ఏ దారం, ఏ పువ్వు, ఏ మోడల్?

మా బీరువా పై అరలో ఒక కార్డిగన్, అంటే ముందు తెరుచుకునే స్వెటర్, ఉంది. లేత గులాబీ రంగు పువ్వులు, చుట్టూ మీగడ రంగు అంచు, మోచేతుల దాకా చేతులు. క్రోషే హుక్‌తో మధ్యలో పువ్వు వచ్చేలా అల్లే చదరం ముక్కల్ని గ్రానీ స్క్వేర్లు అంటారు, అలాంటివి 46 కలిపి చేసింది, నాలుగు నెలల పని. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం దాన్ని రెండుసార్లే వేసుకున్నాను. వంటింట్లో పిండి తూచే మెషీన్ మీద పెడితే 860 గ్రాములు చూపించింది. సంక్రాంతి చలిలో కూడా రాజమండ్రిలో దాన్ని వేసుకుని గంటసేపు కూర్చోలేకపోయాను. మెడ వెనకాల చెమట, భుజాల మీద బరువు. అల్లికలో తప్పు లేదు, కుట్లన్నీ సమంగానే పడ్డాయి. తప్పంతా ఎంపికలో జరిగింది. పువ్వు నచ్చి మొదలుపెట్టాను. ఆ పువ్వు ఎంత దారం తింటుంది, ఆ దారం మన వాతావరణానికి పనికొస్తుందా, అంత బరువుతో చేతులు కూడా పెట్టుకోవచ్చా అన్నవి ఒక్కటీ చూసుకోలేదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే వరస మార్చి చెబుతున్నాను. ముందు దాన్ని ఏ ఊళ్లో, ఏ నెలల్లో వేసుకుంటారో అనుకోండి. దాన్నిబట్టి దారం, దారాన్నిబట్టి పువ్వు. ఈ మూడూ తేలాక ఏ మోడల్ కుదురుతుందో సగం దానంతటదే తెలిసిపోతుంది.

ఇలా ఎందుకంటే, గ్రానీ స్క్వేర్ అసలు దుప్పట్ల కోసం వచ్చిన అల్లిక. మిగిలిపోయిన ఊలు ముక్కల్ని పారెయ్యకుండా చిన్న చిన్న చదరాలుగా అల్లి, అన్నీ కలిపి చలిదేశాల్లో కప్పుకునేవాళ్లు. 1885లోనే అమెరికాలో ప్రెయిరీ ఫార్మర్ అనే పత్రికలో ఈ అల్లిక అచ్చయింది. ఒంటి మీదకి ఫ్యాషన్‌గా బాగా వచ్చింది 1970ల ప్రాంతంలో. నెట్‌లో దొరికే పూల స్క్వేర్లు ఇప్పటికీ చాలావరకు దుప్పటి లెక్కలోనే ఉంటాయి: లావు దారం, బిగుతు అల్లిక, ఉబ్బిన రేకులు. దుప్పటికి అదే అందం. ఒంటి మీదకైతే అల్లిక ఒంగాలి, జారాలి, గాలి ఆడాలి.

దారం

మన దగ్గర సులువుగా దొరికేది అక్రిలిక్ ఊలు. ఏ చిన్న ఊరి ఫ్యాన్సీ షాపులోనైనా ఉంటుంది, రంగులకి కొదవలేదు, ధర తక్కువ, ఉతికితే రంగు దిగడం అరుదు. నూలు కంటే తేలిక కూడా. కానీ చెమట పీల్చదు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి పొద్దుటి పూటలకి, అరకు, లంబసింగి లాంటి చోట్లకి, ఏసీ ఆఫీసులకి అక్రిలిక్ బాగానే ఉంటుంది. విజయవాడలో, కాకినాడలో ఏడాదికి ఎన్ని రోజులు వేసుకోగలరో లెక్కేసుకుని కొనండి.

నూలు దారం చల్లగా ఉంటుంది, చెమట పీలుస్తుంది, రేకులు గీసినట్టు స్పష్టంగా పడతాయి. మెర్సరైజ్ చేసిన, అంటే క్షారంలో ముంచి తీసిన నూలైతే మెరుపు కూడా వస్తుంది. దాని లోపాలు రెండు. ఒకటి బరువు. రెండోది, ఊలు లాగా సాగి మళ్లీ వెనక్కి రాదు. సాగింది సాగినట్టే ఉంటుంది. నూలుతో పొడుగు కోటు అల్లితే దాని బరువుకి అదే కిందికి దిగుతుంది. మోకాలి పైకి ఉండాలని అల్లింది రెండు నెలల్లో మోకాలి కిందికి వస్తుంది. కాబట్టి నూలు పొట్టి మోడల్స్‌కి, చేతులు లేని వాటికి నప్పుతుంది.

నూలూ అక్రిలిక్ కలిపిన దారాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బాగా దొరుకుతున్నాయి. మిల్క్ కాటన్ అని అమ్మేవాటిలో ఎక్కువ ఇవే. పేరులో కాటన్ ఉంది కదా అని అంతా నూలే అనుకోకండి, లేబుల్ మీద ఏది ఎంత శాతం ఉందో చూడండి. నూలు సగం పైన ఉంటే మన ఎండకి పనికొస్తుంది. బరువు తగ్గుతుంది, సాగడమూ తగ్గుతుంది. మొదటిసారి వేసుకునేది అల్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

విదేశాల్లో ఉన్నవాళ్ల లెక్క వేరు. మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. "పిన్నీ, ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా స్వెటర్ లేకుండా బయటికి వెళ్లలేం, నాకు నూలు వద్దు" అంది. నిజమే. అక్కడ అసలైన గొర్రె ఊలు వాడితే తేలిగ్గా ఉండి వెచ్చదనం ఇస్తుంది. సూపర్‌వాష్ అని రాసి ఉంటేనే వాషింగ్ మెషీన్‌లో వెయ్యాలి. లేకపోతే వేడి నీళ్లకి, ఆ తిప్పుడుకి ఊలు ముడుచుకుపోయి పెద్దవాళ్ల స్వెటర్ పసిపిల్లల సైజుకి వస్తుంది.

ఏ దారమైనా లావు చూడటం ముఖ్యం. 4 ప్లై, 5 ప్లై అన్న అంకెల్ని నమ్ముకోవద్దు. ప్లై అంటే ఎన్ని పోగులు కలిపి పేనారో చెబుతుంది తప్ప లావు ఎంతో చెప్పదు. 100 గ్రాములకి ఎన్ని మీటర్లు వస్తుందో చూడండి. 350 నుంచి 400 మీటర్లు వస్తే అది సన్నం, 2.5 లేదా 3 మిల్లీమీటర్ల హుక్‌తో అల్లితే ఒంటి మీద చక్కగా జారుతుంది. 200 నుంచి 250 వస్తే మధ్యరకం, 3.5 లేదా 4 హుక్ పడుతుంది. 200 కంటే తక్కువైతే దాన్ని దుప్పటికే ఉంచండి. సన్న దారంతో పని ఆలస్యమవుతుంది, నిజమే. అయినా నెల ఎక్కువ పట్టి పదేళ్లు వేసుకునేదే మేలు కదా.

పువ్వు

అందరికీ ముందుగా కంటబడేది చామంతి లాంటి డైసీ స్క్వేర్. పసుపు నడిమి, తెల్ల రేకులు, చుట్టూ ఆకుపచ్చో నీలమో. దీని రేకుల్ని పఫ్ కుట్టుతో అల్లుతారు. దారాన్ని హుక్ మీద వేసుకుని ఒకే కంతలోంచి మూడుసార్లు పొడుగ్గా లాగితే హుక్ మీద 7 పోగులు నిలుస్తాయి. అన్నిట్లోంచీ ఒక్కసారి దారం లాగి మూస్తే బియ్యపు వడియంలా ఉబ్బిన రేకు తయారవుతుంది. చేతికి మెత్తగా, ముద్దుగా ఉంటుంది. కానీ మామూలు పొడుగు కుట్టు (అమెరికా వాళ్ల డబుల్ క్రోషే) కంటే ఎంతో ఎక్కువ దారం తినేస్తుంది. నా కార్డిగన్‌లో ఉన్నది ఇదే పువ్వు, స్క్వేర్‌కి 15 గ్రాములు. ఈ పువ్వే కావాలంటే సన్న దారంతో అల్లండి, లాగడం కూడా మూడుకి బదులు రెండుసార్లు చాలు. రేకు పల్చబడుతుంది గానీ రూపం పోదు.

సన్‌బర్స్ట్ స్క్వేర్‌లో పువ్వు గుండ్రంగా, పొద్దుతిరుగుడులా విచ్చుకుంటుంది, చివరి వరసల్లో మూలలు తీసి చదరం చేస్తారు. ఇది బాగా అణిగి ఉంటుంది. వెనకవైపు కూడా నున్నగా ఉండటంతో చర్మానికి గుచ్చుకోదు. ఒంటికి వేసుకునేవాటికి నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. కొత్తవాళ్లకీ త్వరగా చెయ్యి తిరుగుతుంది.

పొరలు పొరలుగా లేచిన గులాబీ చూడగానే మనసు లాగేస్తుంది. ఐర్లండ్ లేసులోంచి వచ్చిన పువ్వు అది. ఒక పొర రేకులు అల్లాక వాటి వెనకాల చెయిన్ కుట్లతో ఉంగరాలు వేసి, ఆ ఉంగరాల మీద రెండో పొర లేపుతారు. ఫొటోలో ఎంత బాగుంటుందో, కుర్చీలో వెనక్కి వాలినప్పుడు వీపుకి అంత ఒత్తుకుంటుంది. పైన చున్నీ వేసుకున్నా, బ్యాగు తగిలించుకున్నా రేకులు నలిగి పక్కకి పడిపోతాయి. గులాబీలంటే ప్రాణమైతే ముందు భాగంలో రెండు స్క్వేర్లకో, జేబులకో పెట్టుకుని మిగతావన్నీ అణిగిన పువ్వులే అల్లండి.

ఆఫ్రికన్ ఫ్లవర్ అనేది ఆరు రేకుల పువ్వు. దాని సహజమైన రూపం ఆరు పలకలు, చదరం కాదు. దీని ఉపయోగం మోడల్ దగ్గర చెబుతాను.

ఇంకో మాట. పువ్వుని చిన్న హుక్‌తో బిగుతుగా అల్లి, చుట్టూ వచ్చే వరసల్ని అర మిల్లీమీటరు పెద్ద హుక్‌తో వదులుగా అల్లండి. పువ్వు నిలబడుతుంది, స్క్వేర్ ఒంగుతుంది. ఈ చిన్న మార్పుతో అట్టముక్కలా ఉన్న స్క్వేర్ గుడ్డలా మారడం నా చేతుల్లో చూశాను.

మోడల్

చేతులు లేని వెస్ట్, చేతులున్న కార్డిగన్, హెక్సగన్ కార్డిగన్, గుడ్డకి కలిపి కుట్టే యోక్. మన వాడకానికి చూసుకోవాల్సినవి ఈ నాలుగే.

వెస్ట్ లెక్క చెబుతాను, మిగతావి దాన్నుంచే వస్తాయి. మీ ఛాతీ కొలత 36 అంగుళాలు అనుకుందాం. కుర్తీ మీద వదులుగా ఉండాలంటే చుట్టుకొలత 40 పెట్టుకోవాలి. 5 అంగుళాల స్క్వేర్ అయితే చుట్టూ 8 పడతాయి: వెనక 4, ముందు కుడికి 2, ఎడమకి 2. నడుం నుంచి చంక దాకా రెండు వరసలు, అంటే 16. చంక దగ్గర నుంచి పక్కలు కలపకుండా ఇంకో వరస, 8. పైవరసలో వెనక 4, ముందు భుజానికి ఒకటి చొప్పున 2, మెడ కోసం మధ్యలో ఖాళీ. మొత్తం 30. పొడవు 20 అంగుళాలు వస్తుంది, కింద రెండంగుళాల పట్టీ అల్లితే 22. చంకకి 10 అంగుళాల లోతు దొరుకుతుంది కాబట్టి లోపల కుర్తీ చేతులు నలగవు. మెడ 10 అంగుళాల వెడల్పు వస్తుంది, చుట్టూ అంగుళం పట్టీ వేస్తే సరిపోతుంది.

దీనికే మోచేతి దాకా చేతులు కావాలంటే చేతికి 8 చొప్పున 16 కలుస్తాయి. 46 అయ్యాయి. నా పాత కార్డిగన్ లెక్క అదే. బరువు ఒక్కసారిగా పెరిగేది ఈ చేతుల దగ్గరే, ఉక్కపోసేదీ ఇక్కడే. తర్వాత సన్‌బర్స్ట్ పువ్వుతో, సన్నటి కలగలుపు దారంతో అల్లిన 30 స్క్వేర్ల వెస్ట్ పట్టీలతో సహా 330 గ్రాములే తూగింది. దాన్ని నేను ఏప్రిల్ మొదటి వారం దాకా వేసుకోగలిగాను. కోస్తాలో, తెలంగాణలో ఉండేవాళ్లకి నా ఓటు కచ్చితంగా వెస్ట్‌కే. న్యూజెర్సీ అమ్మాయికి మాత్రం మణికట్టు దాకా చేతులతో, 54 స్క్వేర్లతో మొదలుపెట్టాను.

సైజు మార్చాలంటే స్క్వేర్లు కలపడం, తీసెయ్యడం కంటే స్క్వేర్ సైజే మార్చడం తేలిక. పావు అంగుళం పెరిగితే 8 స్క్వేర్లకి చుట్టూ 2 అంగుళాలు పెరుగుతుంది. ఒక సైజు పెద్ద హుక్ తీసుకున్నా, చివర్లో పొట్టి కుట్టుతో (అమెరికా వాళ్ల సింగిల్ క్రోషే) ఒక వరస వేసినా ఆ తేడా వచ్చేస్తుంది. ఇంకొక జాగ్రత్త. ఇంగ్లీషు ప్యాటర్న్ చూసి అల్లేటప్పుడు అది అమెరికన్‌దా, బ్రిటిష్‌దా చూసుకోండి. అమెరికా వాళ్ల డబుల్ క్రోషేని బ్రిటన్‌లో ట్రెబుల్ అంటారు. బ్రిటన్‌లో డబుల్ అన్నది అమెరికా వాళ్ల సింగిల్. ప్యాటర్న్‌లో సింగిల్ క్రోషే అన్న మాట కనిపిస్తే అది అమెరికన్‌దే. ఇది తెలియక అల్లితే స్క్వేర్ అనుకున్న సైజులో సగానికి దగ్గరగా వచ్చి కూర్చుంటుంది.

హెక్సగన్ కార్డిగన్‌కి చిన్న స్క్వేర్లు అక్కర్లేదు. ఆఫ్రికన్ ఫ్లవర్ మధ్యలో పెట్టి పెద్ద ఆరు పలకల ముక్కలు రెండు అల్లుతారు. ఒక్కోదాన్ని మడిస్తే అటు సగం ఒళ్లు, ఇటు ఒక చెయ్యి వస్తాయి. ఆ రెండిటినీ వీపు మధ్యలో కలిపి, భుజాల మీదుగా కుడితే కార్డిగన్ అయిపోతుంది. అతుకులు తక్కువ, కొసలు తక్కువ. కాకపోతే అది వదులుగా వేలాడే మోడల్, ఒంటికి పట్టినట్టు ఉండదు. మధ్యలోని పువ్వు చంక దగ్గరికి పోతుంది, వీపు మీద చుట్టూ వేసిన వరసలే కనబడతాయి తప్ప పూలతోట చూసినట్టు ఉండదు. తొందరగా పూర్తి కావాలనుకునేవాళ్లకి ఇది మంచిది.

యోక్ సంగతి. కాటన్ గుడ్డతో కుర్తీ కుట్టించి, ఛాతీ పైభాగంలో ఒకటి రెండు వరసలు పూల స్క్వేర్లు పెట్టడం. పదీ పన్నెండు స్క్వేర్లతో అయిపోతుంది, మే నెలలో కూడా వేసుకోవచ్చు. కుట్టించే ముందు గుడ్డనీ స్క్వేర్లనీ విడివిడిగా తడిపి ఆరబెట్టాలి. లేకపోతే గుడ్డ ముడుచుకుని, అల్లిక సాగి, అతుకు దగ్గర ముడతలు వస్తాయి. అల్లిక కంతల్లోంచి ఒళ్లు కనబడకుండా స్క్వేర్ల వెనకాల పల్చటి మల్లు గుడ్డ లైనింగ్ వేయించండి. వెస్ట్‌కి, కార్డిగన్‌కి లోపల కుర్తీ ఉంటుంది కాబట్టి ఆ బెంగ లేదు.

క్రోషే జాకెట్లు చీరల మీదకి అందంగానే ఉంటాయి గానీ స్క్వేర్లతో జాకెట్టు అమరడం చాలా కష్టం. చంక దగ్గర, డార్టుల దగ్గర చదరం ఒంపు తిరగదు. దాన్ని మొదటి పనిగా పెట్టుకోవద్దు.

అతుకుపని

నరసాపురం లేసు పనిలో విడివిడిగా అల్లిన ముక్కల్ని కలపడాన్ని అతుకుపని అంటారు. పువ్వులు ఒకరు అల్లితే, అతుకుపని వేరొకరు చేస్తారు. అంత విడిగా చూడాల్సిన పని అది. అల్లిక ఎంత బాగున్నా అతుకు బాగాలేకపోతే డ్రెస్ నిలబడదు.

అల్లుతూనే పక్క స్క్వేర్‌కి కలుపుకుంటూ పోయే పద్ధతి ఒకటి ఉంది. చివరి వరస వేస్తూ పక్కదాని చెయిన్‌లోంచి హుక్ దూర్చి కలిపేస్తాం. అతుకు పల్చగా, సాగే గుణంతో, లేసులా ఉంటుంది. చివర్లో కుప్పలా అతుకుపని మిగలదు. కానీ సైజు సరిపోకపోతే ఒక స్క్వేర్ తీసి ఇంకోటి పెట్టడం కుదరదు. సూదీదారంతో అంచుల మీదుగా కుట్టే పద్ధతిలో అతుకు అణిగి ఉంటుంది, తప్పయితే విప్పుకోవచ్చు. హుక్‌తో పొట్టి కుట్టు వేసి కలిపితే అతుకు గీతలా పైకి లేస్తుంది. చూడ్డానికి గళ్ల డిజైన్‌లా బాగుంటుంది, కానీ ఆ గీత గట్టిగా ఉండి ఒంటి మీద తెలుస్తుంది. భుజాల అతుక్కి మాత్రం అదే మంచిది. బరువంతా అక్కడే పడుతుంది కాబట్టి సాగకుండా పట్టుకుంటుంది. నేను ఇప్పుడు ఒళ్లంతా సూదితో కుట్టి, భుజాలు హుక్‌తో కలుపుతున్నాను.

రంగులు ఎంచుకునేటప్పుడు కొసలు లెక్కపెట్టుకోండి. స్క్వేర్‌కి మూడు రంగులంటే ఆరు కొసలు. 30 స్క్వేర్లకి 180. ఏ స్క్వేర్ కొసలు ఆ స్క్వేర్‌తోనే దాచెయ్యాలి, చివర్లో చూద్దామంటే చేతులు రావు. ఆరంగుళాలు వదిలి, అటూ ఇటూ మూడుసార్లు దిశ మార్చి దూరిస్తేనే ఉతికినా బయటికి రావు. మెర్సరైజ్డ్ నూలు నున్నగా ఉంటుంది, ఇంకా జారుతుంది.

కొనేసుకుందాం అనుకునేవాళ్లకి ఒక మాట. క్రోషే అల్లికని అచ్చంగా అల్లే మెషీన్ లేదు. షాపులో వేలాడే ప్రతి అసలైన క్రోషే డ్రెస్సూ ఎవరో ఒకరు హుక్ పట్టుకుని అల్లిందే. మరీ తక్కువ ధరకి వస్తోందంటే ఆ తగ్గింపు అల్లిన మనిషి కూలిలోంచే వచ్చి ఉంటుంది. చేసుకునే తీరిక లేకపోతే నరసాపురం, పాలకొల్లు వైపు అల్లే ఆడవాళ్లతో అల్లించుకోండి. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ల చెయ్యి తిరిగింది సన్నటి నూలు మీద. అందుకే లావు ఊలు ఇచ్చి కార్డిగన్ అడగడం కంటే సన్న నూలుతో యోకో వెస్టో అడిగితే పని అద్భుతంగా వస్తుంది. స్క్వేర్‌కి ఎన్ని గంటల పనో అడిగి దాన్నిబట్టి డబ్బు మాట్లాడండి, బేరం ఆడకండి.

ఒక్క స్క్వేర్ పరీక్ష

దారం ఏ రంగులు తీసుకున్నా ముందు ఒక్కో ఉండే కొనండి. అన్ని రంగులతో ఒక స్క్వేర్ అల్లి తూచండి. ఆ గ్రాముల్ని స్క్వేర్ల సంఖ్యతో హెచ్చవేసి, పట్టీలకి ఇంకో ఐదోవంతు కలిపితే డ్రెస్ బరువు దాదాపు తెలిసిపోతుంది. మన ఊళ్లకి 450 గ్రాములు దాటుతుంటే దారమో పువ్వో మార్చండి.

తర్వాత గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, తెల్ల గుడ్డలో చుట్టి పిండండి. ఎర్ర నూలు, ముదురు నీలం ఎక్కువగా దిగుతాయి. ఒకసారి నేను ఎర్ర మందారాల చుట్టూ తెల్ల అంచులతో 12 స్క్వేర్లు అల్లాక తడిపాను. నీళ్లలోంచి తీసేసరికి అంచులన్నీ కుంకుమ అంటిన వేళ్లతో పట్టుకున్నట్టు అయ్యాయి. అమ్మినవాళ్లు రంగు దిగదనే చెప్పారు. ఉప్పు వేసినా, వెనిగర్ వేసినా ఆ మరక పోలేదు. గుడ్డకి రంగు అంటితే ఆ రెండు రంగుల్ని పక్కపక్కన పెట్టకండి.

తడి స్క్వేర్‌ని థర్మాకోల్ షీటు మీద తుప్పు పట్టని గుండుసూదులతో నాలుగు మూలలా లాగి గుచ్చి ఆరనివ్వండి, అప్పుడు కొలవండి. అక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టె ఆనించొద్దు. వేడి ఎక్కువైతే దారం చచ్చుబడి జీవం లేకుండా వేలాడుతుంది, మళ్లీ మామూలుగా రాదు. పైనుంచి కొంచెం ఆవిరి తగిలిస్తే చాలు. ఆరిన స్క్వేర్‌కి కింద రెండు బట్టల క్లిప్పులు పెట్టి ఒక రాత్రంతా వేలాడదీసి, పొద్దున్నే మళ్లీ కొలవండి. అరంగుళం సాగిందంటే ఆ దారంతో పొడుగు మోడల్ పెట్టుకోకూడదు. పూర్తయిన డ్రెస్‌ని కూడా దండెం మీద ఎప్పుడూ ఆరెయ్యకండి. తువ్వాలు పరిచి దాని మీద పరిచి ఆరబెట్టి, మడతపెట్టి దాచుకోండి.

నా కార్డిగన్ అతుకులు సూదితో కుట్టినవే కాబట్టి పోయిన వారం నుంచి ఒక్కో వరసా విప్పుతున్నాను. చేతుల స్క్వేర్లు 16 ఊడివచ్చాయి. అవి దిండు గలేబులకి వెళ్తాయి. మిగిలిన 30తో వెస్ట్ నిలబడుతుందేమో, పట్టీ వేసి చూడాలి.